అనంతపురం నీళ్లతో గ్రీన్ టీ కాచుకోవడం ఎలా?

మా ఇంట్లో మొదటిసారి గ్రీన్ టీ చేసిన రోజు మా అత్తగారు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఎవరికమ్మా జ్వరం?" అని అడిగారు. ఆవిడ తప్పేమీ లేదు. నేను దాన్ని కషాయంలాగే కాచాను. బోరు నీళ్లు గిన్నెలో పోసి, ఆకు అందులోనే వేసి, మామూలు టీకి అలవాటైన చేత్తో అయిదు నిమిషాలు తెర్లనిచ్చాను. రంగు ఇటుక పొడి కలిపినట్టయింది. పైన నూనె తేలినట్టు ఒక పొర కట్టింది. రుచి చూస్తే పచ్చి అరటికాయ కొరికినంత వగరు. మంచిదంటున్నారు కదా అని వారం రోజులు కళ్లు మూసుకుని మింగి, మిగిలిన డబ్బాను అటక ఎక్కించాను.

అది మళ్లీ కిందికి దిగడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా నాకు అర్థమైనదేమిటంటే, ఆకు ఎంత ఖరీదైనదో అన్నది చివర చూసుకోవలసిన విషయం. ముందు నీళ్లు, తర్వాత మంట, ఆ తర్వాత తాగే వేళ. మన ఊళ్లో ఈ మూడింటిలో మొదటిదే పెద్ద చిక్కు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. బోర్లు వందల అడుగుల లోతుకు దిగాయి. అంత లోతున రాతి పొరల మధ్య నిలిచిన నీళ్లు పైకి వస్తూ వస్తూ సున్నాన్నీ ఫ్లోరైడ్‌నూ మోసుకొస్తాయి. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతోందా? కొళాయి మూతి చుట్టూ సున్నం పేరుకుంటోందా? కందిపప్పు ఎంతకీ ఉడకడం లేదా? అయితే ఆ నీళ్లు టీకి పనికిరావు. నీటిలోని కాల్షియం ఆకులో ఉండే వగరు పదార్థాలతో కలిసి పైన పొరగా తేలుతుంది. నేను చూసిన "నూనె" అదే.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చేయండి. రెండు గాజు గ్లాసులు తీసుకుని, రెండింట్లోనూ ఒకే కొలత ఆకు వేయండి. ఒకదానిలో కాచిన బోరు నీళ్లు, రెండోదానిలో కాచిన ఫిల్టర్ నీళ్లు పోసి, మూడు నిమిషాల తర్వాత వడకట్టి కిటికీ దగ్గర పక్కపక్కనే పెట్టండి. ఫిల్టర్ నీళ్ల గ్లాసు పెసరకట్టు రంగులో, అవతలి వైపు చెయ్యి పెడితే కనిపించేంత తేటగా ఉంటుంది. బోరు నీళ్ల గ్లాసు గోధుమ రంగుకు తిరిగి మబ్బుగా ఉంటుంది. ఇప్పుడు ఆ మబ్బు గ్లాసులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. పొర విరిగి రంగు తేలిపోతుంది. మా అత్తగారిని ఒప్పించింది నా ఉపన్యాసం కాదు, ఈ రెండు గ్లాసులే.

రుచితో ఎలాగో సర్దుకోవచ్చు. ఫ్లోరైడ్‌తో మాత్రం సర్దుబాటు కుదరదు. తేయాకు మొక్కకు ఒక గుణం ఉంది: నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. లేత చిగురులో తక్కువ, ముదురు ఆకులో ఎక్కువ. వేడి నీళ్లు తగలగానే అందులో చాలా భాగం డికాషన్‌లోకి దిగుతుంది. నీళ్లలో ఉన్నది ఒకటి, ఆకులోంచి వచ్చేది మరొకటి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గతి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. మన పల్లెల్లో పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు చూసినవారికి ఈ అంకెల విలువ వేరే చెప్పనక్కర లేదు. 1995లో సత్యసాయి తాగునీటి పథకం గొట్టాలు వందల ఊళ్లకు వచ్చినప్పుడు జనం అంత సంబరపడ్డారంటే, దాని వెనుక ఉన్నది దాహం ఒక్కటే కాదు.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే మాట ఒకటుంది: "బాగా మరిగించాం కదా, ఇంకేం భయం?" మరిగిస్తే క్రిములు చస్తాయి, సున్నం కొంత అడుగున పేరుకుంటుంది. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టర్ అయితే ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, అది కూడా లోపలి పొర బాగున్నంత కాలమే. మీ నీళ్లలో ఎంత ఉందో తెలుసుకోవాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో నమూనా ఇచ్చి పరీక్ష చేయించండి. ఫిల్టర్ అమ్మేవారు చేతి పరికరంతో చూపించే టీడీఎస్ అంకె (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క) ఫ్లోరైడ్ గురించి ఏమీ చెప్పదు.

క్యాన్ నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా, పథకం నీళ్లయినా సరే. ఒక్క బోరు నీళ్లు మాత్రం వద్దు.

ఆకు కొనేటప్పుడు

గ్రీన్ టీకి వేరే మొక్క ఉందని చాలామంది అనుకుంటారు. మనం రోజూ తాగే టీ పొడిదీ దీనిదీ ఒకటే మొక్క. తేడా అంతా కోసిన తర్వాతే. వంకాయ కోసి గాలికి వదిలేస్తే నల్లబడుతుంది కదా, కోసి నలిపిన తేయాకు కూడా అలాగే నల్లబడుతుంది. ఆ నల్లబడ్డదే మామూలు టీ. నల్లబడకుండా, కోసిన వెంటనే చైనాలోలాగా వేడి బాణలిలో వేయించినా, జపాన్‌లోలాగా ఆవిరి పట్టినా ఆకు పచ్చగా నిలిచిపోతుంది. అందులోని కేటకిన్లు అనే వగరు పదార్థాలు కూడా చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. గ్రీన్ టీకి ఉన్న పేరంతా వీటి వల్లే. 1929లో గ్రీన్ టీ నుంచి కేటకిన్‌ను మొదట విడదీసినది మిచియో త్సుజిమురా అనే జపాన్ శాస్త్రవేత్త. ఆవిడే 1932లో జపాన్‌లో వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి మహిళ అయ్యారు.

మన రాష్ట్రంలో అరకు అనగానే కాఫీయే గుర్తొస్తుంది. గ్రీన్ టీ మనకు అస్సాం, డార్జిలింగ్, నీలగిరి, హిమాచల్‌లోని కాంగ్రా వైపు నుంచి రావలసిందే. దూరం నుంచి వస్తుంది కాబట్టి డబ్బా మీద ప్యాక్ చేసిన తేదీ చూడండి. ఎంత కొత్తదైతే అంత మంచిది. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. పదార్థాల జాబితాలో తేయాకు కాకుండా వాసన కోసం కలిపినవి వరుసగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. నిమ్మ వాసన కావాలంటే మన ఇంట్లో నిమ్మకాయ లేదా?

సంచుల కంటే విడి ఆకు మేలు. సంచుల్లో ఎక్కువగా నలిగిన తుక్కే ఉంటుంది, అది త్వరగా చేదెక్కుతుంది. మెరిసే ప్లాస్టిక్ వలలాంటి సంచులు వేడి నీళ్లలో కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులను వదులుతాయి. వాటి జోలికి పోకండి. లెక్క చూసినా విడి ఆకే లాభం. కప్పుకు 2 గ్రాములు, అంటే దాదాపు ఒక చిన్న చెంచా చాలు. 100 గ్రాముల డబ్బా 50 కప్పులకు వస్తుంది. మంచి ఆకైతే అదే ఆకుతో రెండోసారి కూడా పెట్టుకోవచ్చు.

డబ్బాను పోపుల పెట్టె పక్కన మాత్రం పెట్టకండి. తేయాకు చుట్టుపక్కల వాసనలన్నీ లాగేసుకుంటుంది. మా మొదటి డబ్బాకు ఇంగువ వాసన పట్టింది. ఇంగువ టీ ఎలా ఉంటుందో వర్ణించి మీ ఉదయం పాడుచేయను.

మంట దించాకే ఆకు వేయండి

మామూలు టీకి ఎంత కాస్తే అంత రుచి. దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క. నీళ్లు 75 నుంచి 80 డిగ్రీల వేడిలో ఉండాలి. సలసల మరిగే నీళ్లు ఆకు మీద పోస్తే వగరు పదార్థాలన్నీ ఒక్కసారిగా దిగి నోరు పీడిస్తాయి. మరి వంటింట్లో థర్మామీటర్ ఎక్కడుంటుంది? రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది, కంటితో చూసుకోవడం. గిన్నె అడుగున ఆవగింజంత బుడగలు లేచి, ఒకటీ అరా పైకి రావడం మొదలైనప్పుడు దించేయండి. మిరియమంత బుడగలు వరుసకట్టి వస్తున్నాయంటే వేడి దాటిపోయినట్టే. రెండోది నాకు ఇష్టమైనది, తప్పడానికి వీల్లేనిది. మూడు కప్పులు బాగా మరిగిన నీళ్లకు ఒక కప్పు కుండలోని చల్లని నీళ్లు కలపండి. కుండ నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుంటే కలిపిన నీళ్లు 80 డిగ్రీల దగ్గరికి వస్తాయి. రెండూ తాగే నీళ్లే కావాలి, అంతే.

ఇప్పుడు వరసగా చేయండి:

1. కప్పులో కొద్దిగా వేడి నీళ్లు పోసి, తిప్పి, పారబోయండి. కప్పు వెచ్చబడుతుంది.
2. ఒక చిన్న చెంచాడు ఆకు గిన్నెలో వేసి, 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయండి.
3. మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి. గట్టిగా తాగే అలవాటుంటే మూడు. మూడు దాటవద్దు.
4. జాలీతో పూర్తిగా వడకట్టండి. ఆకు గ్లాసులోనే మిగిలిపోతే ఒక్కో గుక్కకూ చేదు పెరుగుతుంది.
5. నాలుక కాలనంత వరకు చల్లారనిచ్చి తాగండి.

అయిదోది మర్యాద కోసం రాసింది కాదు. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగే అలవాటున్నా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. పొయ్యి మీది నుంచి నేరుగా నోట్లోకి పోసుకునే మన ఊరి టీ వీరులు కూడా ఇది వినాలి.

రుచికి నిమ్మరసం, పుదీనా, పెరట్లో ఉంటే నిమ్మగడ్డి ముక్క, చిన్న అల్లం ముక్క వేసుకోవచ్చు. నిమ్మరసానికి ఇంకో ఉపయోగం ఉంది. పేగుల్లో కేటకిన్లు విరిగిపోకుండా అది కొంత కాపాడుతుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. తేనె వేసుకుంటారా? వేసుకోండి కానీ అది కూడా చక్కెర ఖాతాలోదే.

ఏ టీ స్థానంలో తాగుతున్నారు?

అసలు లాభం ఎక్కువగా ఇక్కడ ఉంది, కాబట్టి కాగితం మీద లెక్క వేసుకోండి. రోజుకు అయిదు పాల టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అనుకుందాం. పది చెంచాలు, అంటే 40 నుంచి 50 గ్రాములు. పెద్దవారు రోజంతటిలో తీసుకునే అదనపు చక్కెర 50 గ్రాములకు మించకూడదని, వీలైతే 25 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. టీ గ్లాసులతోనే ఆ గీత దగ్గరికి వచ్చేశాం. ఇంకా బాదుషా, పండగ ఓళిగ లెక్కలోకి రానే లేదు. ఆ అయిదింటిలో మూడింటి స్థానంలో చక్కెర లేని గ్రీన్ టీ పెడితే రోజుకు ఆరు చెంచాలు తగ్గుతాయి. ఇందులో కేటకిన్ల మహిమ ఏమీ లేదు, మామూలు తీసివేత లెక్క.

అయిదు పాల టీలు అలాగే ఉంచి, వాటి మీద ఆరోదిగా గ్రీన్ టీ తాగేవారిని నేను చాలామందిని చూశాను. వారికి కొత్తగా వచ్చేది ఇంకొంచెం కెఫీన్, మరికొన్నిసార్లు మూత్రవిసర్జన.

అలాగని రాత్రికి రాత్రే అన్నీ మానకండి, తలనొప్పి పట్టుకుంటుంది. పొద్దున్నే తాగే మొదటి పాల టీని ముట్టుకోకండి. అది లేకపోతే ఇంట్లో శాంతి ఉండదు. మొదటి వారం పదకొండు గంటల టీ ఒక్కటే మార్చండి. రెండో వారం సాయంత్రం నాలుగింటిది. ఆఫీసులో పనిచేసేవారు ఒక ఫ్లాస్కులో వేడి నీళ్లు, చిన్న డబ్బాలో ఆకు తీసుకువెళ్తే చాలు. టవర్ క్లాక్ దగ్గర టీ కొట్టు ముందు స్నేహితులతో నిలబడినప్పుడు మాత్రం అందరితోపాటు సగం గ్లాసు పాల టీయే తాగండి. అక్కడ తాగేది టీ ఒక్కటే కాదు కదా.

తిండికి, దీనికి మధ్య గంట

చాలామంది చేసే పెద్ద తప్పు ఇది. భోజనం చేసిన వెంటనే "అరుగుతుంది" అని గ్రీన్ టీ తాగడం. ఆకులోని వగరు పదార్థాలు అన్నంలోని ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. మాంసంలోని ఇనుముకు ఈ బెడద తక్కువ. రాగి సంగటి, గోంగూర, పాలకూర, వేరుశెనగ, పప్పుల్లోని ఇనుముకు ఎక్కువ. రాయలసీమ ఇంట్లో రోజువారీ ఇనుము చాలావరకు ఈ రెండో జాబితాలోంచే వస్తుంది.

మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ఉంది. సన్నబడాలని రోజుకు నాలుగు గ్రీన్ టీలు, అందులో రెండు సరిగ్గా భోజనం చివర. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తే, ఆ మాత్రను కూడా గ్రీన్ టీతోనే మింగేది. మూడు నెలలైనా హిమోగ్లోబిన్ కదలలేదు. వాళ్లమ్మ మాత్రల కంపెనీని తిట్టింది, డాక్టర్‌ను తిట్టింది. చివరికి మాత్ర నిమ్మకాయ నీళ్లతో, టీ రెండు గంటలు ఎడంగా అని మార్చాక అంకె మెల్లగా పైకి వచ్చింది.

కాబట్టి వేళలు ఇలా పెట్టుకోండి. పరగడుపున వద్దు, కడుపులో తిప్పుతుంది, కొందరికి మంట కూడా. ఉదయం ఉగ్గాని తిన్న గంట తర్వాత ఒకటి. మధ్యాహ్నం భోజనానికి ముందు వెనుక గంట వదిలేయండి. సాయంత్రం నాలుగు లోపు ఇంకొకటి. సాయంత్రం అయిదు దాటాక వద్దు. ఒక కప్పులో ఉండే కెఫీన్ 20 నుంచి 45 మిల్లీగ్రాములు, కాఫీలో ఉండేదానిలో సగం కూడా కాదు. అయినా అందులో సగం ఒంట్లోంచి పోవడానికే అయిదు గంటల దాకా పడుతుంది. రోజుకు రెండు మూడు కప్పులు చాలు.

ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించకూడదు

జపాన్‌లోని ఓసాకి ప్రాంతంలో 40,530 మందిని 11 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2006లో వెలువడింది. రోజుకు అయిదు కప్పులు, అంతకు మించి తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు తక్కువగా కనిపించాయి. ఆడవారిలో ఆ తేడా ఎక్కువ. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. వారు తాగేది పాలు, చక్కెర లేని టీ అని, వారి కంచంలో చేపలు, సముద్రపు నాచు ఉంటాయని గుర్తుంచుకుని ఈ ఫలితం చదవాలి. చెడు కొలెస్ట్రాల్, రక్తపోటు కొద్దిగా తగ్గినట్టు వేరే పరీక్షలు చెబుతున్నాయి. ఆ కొద్దిని చూసి బీపీ మాత్ర మానేసేవారికి మాత్రం ముప్పే.

బరువు సంగతి సూటిగా చెబుతాను. అప్పటివరకు జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2012లో తేల్చినది ఏమిటంటే, గ్రీన్ టీతో తగ్గే బరువు చాలా తక్కువ, లెక్కలోకి తీసుకోదగినది కాదు. పొట్ట కరుగుతుందన్న ప్రకటనలు చూసి కొనేవారు ఆ డబ్బుతో నడవడానికి మంచి చెప్పులు కొనుక్కోవడం నయం.

అదే ప్రకటనలు చూసి గ్రీన్ టీ సారం మాత్రలు మింగేవారికి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. కప్పు టీలో ముఖ్యమైన కేటకిన్ 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటే, కొన్ని మాత్రల్లో వందల్లో ఉంటుంది. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవారిలో కాలేయం దెబ్బతింటున్న సూచనలు కనిపించాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. తాగండి, మింగకండి.

ఈ కిందివారు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి: రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారు, నాడోలాల్ అనే బీపీ మందు వాడేవారు (ఈ టీ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వదు), కాలేయం జబ్బు ఉన్నవారు, కడుపులో పుండు ఉన్నవారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవారు దాన్ని మంచినీళ్లతోనే వేసుకుని, కనీసం గంట ఆగండి. గర్భిణులు కాఫీ, టీ అన్నీ కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకుండా చూసుకోవాలి. రక్తహీనత ఉంటే ఆ నెలల్లో మానేయడమే మంచిది. చిన్న పిల్లలకు వద్దు.

ఏప్రిల్, మే నెలల్లో

ఎండ 40 డిగ్రీలు దాటాక వేడి టీ ఎవరికి ఎక్కుతుంది? అప్పుడు చల్లగా ఊరబెట్టుకోండి. లీటరు ఫిల్టర్ నీళ్లలో నాలుగు చెంచాల ఆకు వేసి, గాజు సీసాలో మూత బిగించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వడకట్టండి. చన్నీళ్లలో వగరు తక్కువగా, తీపి ఛాయ ఎక్కువగా దిగుతుంది. నాకైతే వేడిదానికంటే ఇదే రుచి. ఆ రోజే తాగేయాలి. ఆకు వేసిన నీళ్లను కుండలో, బయటి వేడిలో రాత్రంతా ఉంచకండి. మన వేసవి రాత్రులకు అది పులుస్తుంది.

అయితే ఎండలో తిరిగి వచ్చినవారికి ముందు ఇవ్వవలసింది ఉప్పు వేసిన మజ్జిగ. చెమటతో పోయిన ఉప్పును గ్రీన్ టీ తిరిగి తేలేదు.

ముఖానికి, కళ్లకు, జుట్టుకు

ఉబ్బిన కళ్లకు ఇది నిజంగా పనిచేస్తుంది. ఒక చెంచా ఆకును అరకప్పు వేడి నీళ్లలో అయిదు నిమిషాలు ఊరబెట్టండి. తాగడానికి కాదు కాబట్టి గట్టిగా దిగినా పరవాలేదు. శుభ్రంగా వడకట్టి ఫ్రిజ్‌లో చల్లబరచండి. రెండు దూది ముక్కలు ముంచి, పిండి, మూసిన కళ్ల మీద పది నిమిషాలు ఉంచండి. చల్లదనం, కెఫీన్ రెండూ కలిసి రక్తనాళాలను కొంచెం ముడిచి వాపు తగ్గిస్తాయి. నల్లటి వలయాలు మాత్రం పోవు. వాటికి కారణం నిద్రలేమి కావచ్చు, రక్తహీనత కావచ్చు, వంశపారంపర్యం కావచ్చు. దూది గట్టిగా పిండమని ఎందుకు అంటున్నానంటే, మా దిండు గలీబు మీద పడిన మరక మూడేళ్లుగా అలాగే ఉంది.

మొటిమల విషయంలో 2 శాతం గ్రీన్ టీ సారం ఉన్న లోషన్‌తో చిన్న పరీక్షల్లో మంచి ఫలితం కనిపించింది. ఇంట్లో కాచిన నీళ్లకు అంత బలం ఉండదు, అయినా ముఖం కడుక్కున్నాక చివరగా ఈ చల్లని నీళ్లు అద్దుకోవడంలో నష్టం లేదు. ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు రాకపోతేనే ముఖానికి. జిడ్డు చర్మం ఉన్నవారు రెండు చెంచాల శనగపిండిని ఈ నీళ్లతో కలిపి రాసుకుని, పూర్తిగా ఎండి బిగుసుకోకముందే కడిగేయవచ్చు. నిజం చెప్పాలంటే అందులో ఎక్కువ పని శనగపిండిదే. నిమ్మరసం మాత్రం కలపవద్దు. నిమ్మరసం అంటిన చర్మానికి మన ఎండ తగిలితే మచ్చలు, బొబ్బలు వస్తాయి. తాగినా రాసినా గ్రీన్ టీ గొడుగుకు ప్రత్యామ్నాయం కాదు. బయటికి వెళ్తే గొడుగు, సన్‌స్క్రీన్ ఉండవలసిందే.

జుట్టు ఊడడం దీనితో ఆగదు. సున్నపు నీళ్లతో తలస్నానం చేసి గరుకెక్కిన జుట్టుకు చివరి చెంబుగా పోసుకుంటే దువ్వెన కొంచెం సులువుగా దిగుతుంది. నా అనుమానం, అందులో సగం గొప్ప ఆ చివరి చెంబు ఫిల్టర్ నీళ్లు కావడంలోనే ఉంది.

నోటి విషయానికి వస్తే, పళ్లు పుచ్చడానికి కారణమయ్యే క్రిములను కేటకిన్లు అణచివేస్తాయి. భోజనమైన గంటకు చక్కెర లేకుండా తాగిన కప్పు నోటి వాసనకు కూడా మంచిదే. పళ్లకు గార పట్టకుండా తాగిన వెంటనే నీళ్లతో పుక్కిలించండి.

ముఖానికి చేసిన నీళ్లు ఫ్రిజ్‌లో ఒక్క రోజే నిలవ ఉంటాయి, తర్వాత పారబోయండి. రెండోసారి కూడా వాడిన ఆకును తడిగా చెత్తబుట్టలో వేస్తే ఈగలు ముసురుతాయి. నీడన ఆరబెట్టి, గులాబీ కుండీలో మట్టి గిల్లి లోపల కప్పేయండి. మా కుండీల పని ఇప్పుడు మా అత్తగారిదే. ఆకు తక్కువగా వచ్చిన రోజున "ఈ రోజు ఒకసారే పెట్టావా?" అని అడుగుతారు.